మా నాయిన తలలోని నీళ్ళు

మెదడు గురించి నా మొదటి పాఠం గొర్రె తలకాయ దగ్గర జరిగింది. రెండోది మా నాయిన దగ్గర. రెండింటిలో ఏది ఎక్కువ మొండిదని అడిగితే గొర్రెను అనడానికి నాకు మనసొప్పదు.

నిజాం రాజ్యం చివరి రోజులవి. నేను మెదక్ మిషన్ దవాఖానలో నర్సు ట్రైనింగులో ఉన్నాను. ఊళ్ళో పగలు రజాకార్ల భయం, పొద్దుగూకితే కమ్యూనిస్టు సంఘం వాళ్ళ కబుర్లు. ఎవరు ఎవరి మనిషో తెలియక జనం వానల గురించి మాత్రమే మాట్లాడుకునేవాళ్ళు. అది కూడా మబ్బు పట్టిందంటే ఏ పక్షం కింద లెక్కేస్తారోనని అటూ ఇటూ చూసి మరీ మాట్లాడేవాళ్ళు. సరిహద్దులు మూసేశారు. మందులు, కిరసనాయిలు, ఉప్పు అన్నీ కరువే. దవాఖాన బీరువాలో సీసాల కంటే వాటి మధ్య ఖాళీలు ఎక్కువ.

ఇంత గడబిడలోనూ మా డాక్టరమ్మ పాఠం ఆపలేదు. ఆమె సముద్రాలు దాటి వచ్చిన తెల్లదొరసాని. తెలుగు బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకుంది కాబట్టి, దూది తెమ్మనడానికి కూడా ప్రవక్తలా మాట్లాడేది. "కుమారీ, ఆ గిన్నెను ఇచ్చటికి కొనిరమ్ము" అనగానే మేం గిన్నె తెచ్చే ముందు ఒకసారి ఆకాశం వైపు చూసేవాళ్ళం.

మెదడు పాఠానికి గొర్రె మెదడు కావాలంది. మనిషిది దొరకదు, దొరికినా చూపించరు. బజారులో మాంసం దుకాణం చాచాకు కబురు పెట్టింది. చాచా ముసలాయన, మర్యాదస్తుడు. దొరసాని తనను అడిగి తెప్పించుకుంటున్నదంటే ఆయనకు ఎక్కడలేని సంబరం. మామూలుగా మాకు ఇచ్చే భేజాను నెత్తురుతో సహా ఆకులో చుట్టి పడేసేవాడు. ఆ రోజు మాత్రం పొరలన్నీ ఒలిచి, ఈనెలు తీసి, పసుపు నీళ్ళలో కడిగి, పైన రెండు కొత్తిమీర రెబ్బలు పెట్టి పంపాడు.

మేం పన్నెండు మంది ఆడపిల్లలం బల్ల చుట్టూ నిలబడ్డాం. డాక్టరమ్మ గుడ్డ తీసింది. పచ్చగా, శుభ్రంగా, కూరకు సిద్ధంగా ఉంది. ఆ రోజు పాఠం మెదడు మీది పొరల గురించి.

"పొరలు ఎక్కడ?" అంది.

"పొరలుంటే నమిలేతందుకు గట్టిగుంటయమ్మా" అంది నా పక్కనున్న పిల్ల, చాచా తరఫున వకాలత్ పుచ్చుకుని. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ రోజు ఆమె నేర్పినదేమీ లేదు. మేమే ఆమెకు ఎన్ని మిరియాలు వేయాలో చెప్పాం.

రెండోసారి "ఏమీ ముట్టవద్దు, ఉన్నది ఉన్నట్టు పంపు" అని కబురు పోయింది. చాచా మనసు నొచ్చుకున్నట్టుంది. కొమ్ములతో, ఉన్నితో, చెవిలో గోమారితో సహా మొత్తం తలకాయే పంపాడు. దాన్ని కోయడానికి దవాఖాన రంపం చాలలేదు. అప్పుడు మా నాయినను పిలిపించారు.

నాయిన మిషన్ వడ్రంగి. పెద్ద చర్చిలో బెంచీల కాళ్ళు బాగుచేయడం, దవాఖానకు మంచాలు, బడికి బల్లలు చేయడం ఆయన పని. చేతిపనిలో నిదానం, మాటలో తొందర. ఆయనకు తెలియని విషయం లోకంలో ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. గొర్రె తలను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, సుద్దతో గీత గీసి, బల్ల చెక్కను కోసినంత శ్రద్ధగా కోశాడు. పుర్రె మూత లేవగానే లోపలి నుంచి నీళ్ళు కారి ఆయన పంచె మీద పడ్డాయి.

"గిదేంది? గొర్రెకు సర్ది జేసిందా?" అన్నాడు.

డాక్టరమ్మకు ఆ ప్రశ్న బాగా నచ్చింది. పొరలు మూడని చూపించింది. ఎముకకు అంటుకున్న పైపొర తోలులా మందంగా ఉంది. నడిమిది సాలెగూడంత పలచన. లోపలిది మెదడు ముడతల్లోకి తడిబట్టలా అంటుకుపోయి ఉంది. పాతకాలపు పండితులు పైపొరకు గట్టి తల్లి అని, లోపొరకు మెత్తని తల్లి అని పేరు పెట్టారట. తండ్రి పేరు ఒక్క పొరకూ పెట్టలేదు. తండ్రులు సాధారణంగా బయట తిరుగుతుంటారు కాబట్టి కావచ్చు.

మెదడును నిలువునా కోసి లోపలి ఖాళీ గదులు చూపించింది. పెద్దవి రెండు, నడుమ సన్నది ఒకటి, వెనుక చిన్నది ఒకటి. నీరు అక్కడ పుడుతుందట, అక్కడి నుంచి బయటికి వచ్చి మెదడు చుట్టూ తిరిగి వెన్నులోకి దిగుతుందట. "ఆ జలము మెదడును మోయుచున్నది. జలము లేనియెడల మెదడు తన బరువుచేత తానే క్రుంగును" అంది. నిజంగానే, నీళ్ళు పోయిన గొర్రె మెదడు పళ్ళెంలో నెమ్మదిగా చతికిలబడింది. నాయిన దాన్ని చాలాసేపు వంగి చూశాడు.

ఇంటికొచ్చాక అమ్మ ముందు పాఠం మళ్ళీ మొదలుపెట్టాడు.

"మన తలకాయలల్ల నీళ్ళుంటయి, ఎర్కేనా? గా నీళ్ళ మీద భేజా తేలుతుంటది. నీళ్ళు పోతే కూలవడ్తది. నా కండ్లతోని చూసిన."

అమ్మ జొన్నరొట్టె తడుతూ తల ఎత్తకుండా, "నీ తలకాయల తేలెతందుకు ఏమున్నది?" అంది.

వాళ్ళిద్దరి సంసారం అంతా ఈ తీరుగానే సాగేది. ఆయన ఒక సంగతి కనిపెట్టడం, ఆమె దాని గాలి తీయడం. కోపం ఉండేది కాదు. ఎవరి పని వాళ్ళు చేస్తున్నట్టుండేది.

ఆ వానాకాలం చివర్న నాయినకు జ్వరం వచ్చింది. మొదట మలేరియా అనుకున్నాం. మెదక్‌లో వానలు పడ్డాక మలేరియా చుట్టంలా వచ్చి పోతుంటుంది. మూడో రోజుకు తలనొప్పి అని గోడకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. తలుపు తీస్తే వెలుతురు గుచ్చుకుంటున్నదని కేకలేశాడు. నేను పక్కన కూర్చుని, మెడ కింద చెయ్యి పెట్టి, గడ్డాన్ని ఛాతీకి ఆనించబోయాను. మెడ వంగలేదు. కర్రను వంచబోయినట్టయింది. పాఠంలో ఆ జబ్బు పేరు చెప్పేటప్పుడు డాక్టరమ్మ గొంతు తగ్గించింది. పొరలకు చీము పట్టే జబ్బు. ఆ క్షణాన నర్సును కాను, ఏమీ కాను, ఏడుపు ఆపుకోలేని కూతుర్ని.

ఆయన చేస్తూ చేస్తూ వదిలేసిన తలుపు రెక్క మీదే పడుకోబెట్టి నలుగురం దవాఖానకు మోశాం. దారిలో ఆయన స్పృహలోనే ఉన్నాడు. "జర పైలం, గా రెక్కకు ఇంకా పాలిష్ పెట్టలే" అని మమ్మల్నే మందలించాడు.

డాక్టరమ్మ చూసింది. తలనొప్పి మలేరియాలోనూ వస్తుంది. మెడ బిగుసుకున్నది కాబట్టి పొరల జబ్బే అని ఆమెకు తొంభై పాళ్ళు నమ్మకం. మిగతా పది పాళ్ళ కోసం వెన్నులో సూది వేసి నీళ్ళు తీసి చూడాలంది. నీళ్ళు తేటగా ఉంటే ఒక మందు, మబ్బుగా ఉంటే సల్ఫా మాత్రలు. సల్ఫా మాత్రలు బీరువాలో ఒక్క మనిషికి సరిపడా ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియదు. గుడ్డిగా ఇచ్చేసే వీలు లేదు. పైగా లోపల నీటి ఒత్తిడి పెరిగి ఉంటుంది, కొంచెం తీస్తే తల బరువు దిగుతుంది.

నాయిన కళ్ళు మూసుకునే అంతా విన్నాడు. తరువాత కళ్ళు తెరిచి, "నీళ్ళు తియ్యద్దు" అన్నాడు.

"నాయినా, జరంతనే తీస్తరు" అన్నాను.

"నేను చూసిన బిడ్డా. నీళ్ళు పోయినంక గొర్రె భేజా పచ్చడి లెక్క కూలవడ్డది. నా భేజా గట్ల గావొద్దు. ఒక్క బెంచి కొల్త గూడ యాదికుండది నాకు."

"అది చచ్చిన గొర్రె నాయినా! నువ్వు బతికున్నవు. నీళ్ళు మళ్ళ ఊర్తయి. వాగుల చెలమ తోడుతరు, మళ్ళ ఊరదా?"

"ఎండకాలం ఊరది" అన్నాడు.

ఇంత నొప్పిలోనూ ఆ జవాబు దొరికింది ఆయనకు. నాకు కొట్టాలనిపించింది. డాక్టరమ్మ కూడా ప్రయత్నించింది. "భయపడకుము, నీ దేహము ప్రతిదినము ఆ జలమును పుట్టించును" అని తన పద్ధతిలో చెప్పింది. "అమ్మా, మీరే చెప్పిండ్రు గదా, జలము లేనియెడల క్రుంగునని" అని ఆమె మాటను ఆమెకే అప్పజెప్పాడు. పాఠాన్ని ఇంత శ్రద్ధగా విన్న విద్యార్థి ఆమెకు మా పన్నెండు మందిలో ఒక్కరూ లేరు. ఆ శ్రద్ధే ఇప్పుడు ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

"సచ్చినా తియ్యనియ్య" అని గోడవైపు తిరిగాడు.

మధ్యాహ్నానికి మాట తడబడింది. టేకు చెక్కతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "వంకర వోకు, వంకర వోకు" అని బతిమాలాడు. ఆ తరువాత ఆ మాటలు కూడా ఆగిపోయాయి. పిలిస్తే కనురెప్ప కదిలేది, అంతే.

సరిగ్గా ఆ రోజే విమానాలు వచ్చాయి. యూనియన్ సైన్యం బయలుదేరిందని, షోలాపూర్ దిక్కు నుంచి వస్తున్నదని, బెజవాడ దిక్కు నుంచి వస్తున్నదని తలా ఒక మాట. పక్కింటావిడ మూట కట్టుకుని వార్డు గుమ్మం దాకా వచ్చి, "పారుండ్రి, హవేలిఘనపూర్ల మా అత్తగారిల్లున్నది, బండి కట్టిండ్రు. మనిషిని బండిల ఏసుకొని పోదం. ఈడ బాంబులు వడ్తయట" అంది. నడవగలిగిన రోగులంతా అప్పటికే నడిచిపోయారు. నడవలేని వాళ్ళు మంచాల కింద దూరారు. ఒక ముసలాయన అయితే ప్లాస్టరు కాలు బయట పెట్టి మిగతా ఒళ్ళంతా మంచం కింద దాచుకున్నాడు.

డాక్టరమ్మ అమ్మ ముందు వచ్చి నిలబడింది. ఆయన చెప్పలేడు కాబట్టి ఇక అమ్మే చెప్పాలి.

అమ్మ సంగతి నాకు తెలుసు. రొట్టెల దగ్గర ఎన్ని మాటలన్నా, ఇంట్లో ఏ పెద్ద విషయంలోనూ ఆయన వద్దన్నది ఆమె చేయలేదు. ఆయన నోటితో సచ్చినా వద్దన్నాడు. సూది వేశాక పోయాడంటే, మొగని మాట కాదని చంపుకుందని వాడకట్టంతా అంటుంది. వేయకుండా పోతే ఎవరూ ఏమీ అనరు. బండి కూడా బయట సిద్ధంగా ఉంది.

నన్ను దగ్గరికి పిలిచింది. "తీస్తే బతుకుతడా?" అంది.

"తెల్వదమ్మా. తియ్యకుంటే మాత్రం..." అన్నాను.

కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని డాక్టరమ్మ వైపు తిరిగింది. "తీయుండ్రి. లేసినంక నన్ను తిట్టనియ్యుండ్రి. తిట్టెతందుకన్న లేస్తడు" అంది. గుమ్మంలో ఉన్న పక్కింటావిడతో, "నువ్వు పోవే, మేం రాము" అంది.

నాయినను పక్కకు తిప్పి, మోకాళ్ళు కడుపులోకి, తల మోకాళ్ళలోకి వచ్చేటట్టు వంచి పట్టుకోవాలి. అది నా పని. ఆయన నన్ను ఎత్తుకున్న రోజులు తప్ప ఆయనను అంత దగ్గరగా నేను ఎప్పుడూ పట్టుకోలేదు. ఒంటి నిండా రంపపు పొట్టు వాసన. నడుము కింది ఎముకల సందు వెతికి డాక్టరమ్మ సూది దించింది. పైన మళ్ళీ విమానం మోత. కిటికీలు గలగలలాడాయి. వార్డులో మంచాల కింద నుంచి ప్రార్థనలు, శాపనార్థాలు కలిసి వినిపించాయి. మేం ముగ్గురం మంచం కిందికి పోలేకపోయాం, ఎందుకంటే నాయిన మంచం పైన ఉన్నాడు. డాక్టరమ్మ చెయ్యి కదలలేదు. అమ్మ ఆయన పాదాలు పట్టుకుని నిలబడింది.

వెన్ను దాకా దిగే ఆ పైపొరను, గట్టి తల్లిని, దాటినప్పుడు చిన్న పట్టు వదిలినట్టవుతుందని పాఠంలో విన్నాను. డాక్టరమ్మ ముఖంలో అది చూశాను. సూది వెనుక నుంచి చుక్క రాలేదు, ధారగా చిమ్మింది. అంత ఒత్తిడి ఉంది లోపల. గాజు గొట్టంలో పట్టి వెలుతురుకు ఎత్తింది. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది.

"మాత్రలు" అంది. ఆ ఒక్క మాట మాత్రం మామూలు మనుషుల తెలుగులో అంది.

మాత్రలు నూరి, నీళ్ళలో కలిపి, ముక్కు గొట్టంతో పోశాం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే పని. మధ్యలో రాజ్యం మారిపోయింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. లారీలు వచ్చాయి, తుపాకులు వచ్చాయి, బూట్లు వచ్చాయి. ఒక్క పోలీసు కూడా రాలేదు, అయినా దానికి పోలీస్ యాక్షన్ అని పేరు. నిన్నటిదాకా వానల గురించి మాత్రమే మాట్లాడినవాళ్ళు దండలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. భయం కూడా ఒక వాడకట్టు నుంచి ముసల్మానుల వాడకట్టుకు మకాం మార్చింది. మాంసం దుకాణం చాచా ఆలినీ, కోడళ్ళనూ తీసుకుని మిషన్ కాంపౌండులోకి వచ్చేశాడు. బడి వరండాలో తలదాచుకున్నారు. డాక్టరమ్మ గేటుకు తాళం వేసి తాళంచెవి మెడలో వేసుకుంది. చాచా మాత్రం రోజూ వార్డు కిటికీ దగ్గరికి వచ్చేవాడు. "మిస్త్రీకి హోష్ వచ్చిందా బేటీ, కండ్లు తెరిచిండా?" అని అడిగేవాడు. ఆయన కళ్ళ కింద నిద్రలేని చారలుండేవి. తన ప్రాణమే గడ్డిపోచ మీద ఉండగా ఆ మనిషి నా తండ్రి గురించి అడగడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

జ్వరం దిగింది. మెడ మెత్తబడింది. ఒక ఉదయం చూస్తే నాయిన కళ్ళు తెరిచి దూలాల వైపు చూస్తున్నాడు. ఏ దూలం వంకరగా ఉందో చూస్తున్నాడని నాకు అర్థమై నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నాయినా!" అన్నాను. ఆయన దూలాల్లోనే ఉన్నాడు. ఇంకా మత్తు పూర్తిగా వదలలేదేమో అనుకున్నాం. డాక్టరమ్మ అమ్మతో, "అలవాటైన స్వరము మంచిది. నీవు అతనిని పేరు పెట్టి పిలువుము" అంది.

అమ్మ బిక్కచచ్చిపోయింది. మా దగ్గర ఆడది మొగని పేరు నోట పలకదు. మిషన్‌లో కలిసి రెండు తరాలైనా, బొట్టు పోయింది, జాతరలు పోయాయి, ఈ పద్ధతి మాత్రం పోలేదు. నువ్వు అంటుంది, నీ తలకాయ అంటుంది, నోటికొచ్చినట్టు తిడుతుంది. పేరు మాత్రం అనదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందట. దవాఖానలో చేర్చిన రోజున మొగని పేరేమిటని అడిగితే కూడా నన్ను ముందుకు తోసింది. చర్చిలో అదే పేరున్న భక్తుని కథ చదువుతుంటే కూడా పెదవులు బిగించుకుని కూర్చునేది.

"నేను అనగూడదమ్మా" అంది గొణుగుతూ.

"అతని ప్రాణము కొరకు" అంది డాక్టరమ్మ.

అమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. కొంగు నెత్తిన కప్పుకుంది. నా వైపు చూసి, వేరే దిక్కు చూడమన్నట్టు చెయ్యి ఊపింది. నేను చూడకుండా ఎట్లా ఉంటాను? మొదటిసారి గొంతు లేవలేదు. రెండోసారి లేచింది. ఇరవై ఏళ్ళుగా నోట్లో దాచిన పేరు వార్డు ఆ చివరి దాకా వినబడింది. మంచాల మీది రోగులు లేచి కూర్చున్నారు. కిటికీ అవతల చాచా తల వంచుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషి మీద ఉన్న ప్రేమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇంకే మొగడైనా ఆ పిలుపుకు లేచి కూర్చునేవాడు.

నాయిన దూలాలు చూడటం పూర్తి చేసి, తల తిప్పి, ఆమెను చూశాడు. గుర్తుపట్టాడు. ముఖం విప్పారింది.

"నోరెందుకు గట్ల ఆడిస్తున్నవు? జర గట్టిగ చెప్పు" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన తల వెనుకకు పోయి రెండు చేతులూ చరిచింది. ఆయన కదలలేదు. ఇటువైపు వచ్చి ఇంకోసారి చరిచింది. తరువాత నా వైపు చూసింది. చెవికి పోయే నరం ఆ నీళ్ళలోంచే, ఆ పొరల నడుమ నుంచే పోతుంది. చీము దాన్ని తినేసింది. భేజా కూలబడలేదు. కొలతలన్నీ ఆయనకు చచ్చేదాకా గుర్తున్నాయి. చెవులు మాత్రం మళ్ళీ రాలేదు.

అమ్మకు ఇంకా అర్థం కాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని మళ్ళీ పేరు పిలిచింది, ఇంకా గట్టిగా.

"ఏమంటున్నదే మీ అమ్మ?" అని నన్ను అడిగాడు.

ఆయన అరచెయ్యి తెరిచి, వేలితో పెద్ద పెద్ద అక్షరాలు రాశాను. నీ పేరు పిలుస్తున్నది. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. చదివి, మంచం ఊగేటట్టు నవ్వాడు.

"ఉత్తదే! మీ అమ్మనా? నాకు చెవులు దొబ్బినయి గాని తెలివి దొబ్బలే" అన్నాడు.

అమ్మ మూడోసారి పిలిచింది. ఆయన నా వైపు చూసి కన్ను కొట్టాడు.